వడ్డీ ఆదాయం, రిటర్ను – ఐదవ పాఠం: 15హెచ్ ఇచ్చిన తరువాత మిగిలే ప్రశ్న

గత పాఠం చదివి బ్యాంకుకు వెళ్లి 15జీ, 15హెచ్ పత్రాలు (నాకు పన్ను పడదు, వడ్డీలో పన్ను కోయవద్దని రాసిచ్చేవి; అరవై నిండిన వారిది 15హెచ్, మిగతా వారిది 15జీ) ఇచ్చి వచ్చిన వారిలో చాలామంది ఒకే చోట జారిపడ్డారని నాకు అందిన ఉత్తరాలను బట్టి తెలిసింది. పత్రం ఇచ్చాము, బ్యాంకు పన్ను కోయలేదు, కనుక ఈ ఏడాది ఆదాయపు పన్ను రిటర్నుతో, అంటే ఏడాది ఆదాయం లెక్కను పన్ను శాఖకు చూపే పత్రంతో, పని లేదని వారు అనుకున్నారు. తప్పు నాదే. 15హెచ్ ఇస్తే వడ్డీ గురించి ఇక బెంగ అక్కరలేదని రాశాను కానీ, ఆ మాట పన్ను కోతకు మాత్రమే వర్తిస్తుందని అదే వాక్యంలో చెప్పలేదు. అందుచేత ఈసారి చెప్పదలచిన ఎన్‌ఆర్‌ఓ ఖాతాల (విదేశాల్లో ఉండేవారు ఇక్కడి ఆదాయం కోసం తెరిచే ఖాతాల) సంగతిని ఆరవ పాఠానికి జరిపి, ఈ చిక్కునే విప్పుతాను.

పాన్ (పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య), టీడీఎస్ (డబ్బు చెల్లించేవారు ముందే కోసుకునే పన్ను, ఈ పాఠంలో కోత అంటే అదే) గురించి మళ్లీ వివరంగా చెప్పను. లెక్కలన్నీ 2025–26 ఆర్థిక సంవత్సరానివి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినా, అంతకు ముందు సంవత్సరపు ఆదాయానికి 1961 చట్టమే వర్తిస్తుంది. సెక్షన్ల అంకెలు కూడా పాతవే వాడుతున్నాను.

వడ్డీ వచ్చే ప్రతి వ్యక్తి మూడు ప్రశ్నలను విడివిడిగా వేసుకోవాలి. బ్యాంకు పన్ను కోస్తుందా? నేను పన్ను కట్టాలా? నేను రిటర్ను వేయాలా? ఈ మూడింటికీ మూడు వేర్వేరు హద్దులున్నాయి. కోతకు హద్దు, ఒక్కొక్క బ్యాంకులో ఏడాది డిపాజిట్ల వడ్డీ 50,000 రూపాయలు, అరవై నిండిన వారికి లక్ష రూపాయలు. పన్నుకు హద్దు, కొత్త విధానంలో (ఇప్పుడు సహజంగా వర్తించే పన్ను రేట్ల పద్ధతిలో) సెక్షన్ 87ఏ రిబేటు, అంటే పన్ను మాఫీ, పుణ్యమా అని నివాసులకు 12 లక్షల ఆదాయం. రిటర్నుకు హద్దు మాత్రం 4 లక్షలు. సెక్షన్ 139(1) అడిగేది పన్ను ఎంత తేలిందని కాదు; పన్ను పడని కనీస మొత్తాన్ని ఆదాయం దాటిందా అని అడుగుతుంది.

నాకు చిరాకు తెప్పించే వల ఇక్కడే ఉంది, కాబట్టి నిదానంగా చెబుతాను. అరవై ఆరేళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడొకరికి ఏడాదికి 3,60,000 పెన్షను, 1,90,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ వస్తున్నాయని అనుకుందాం. పెన్షనులో ప్రామాణిక తగ్గింపు 75,000 పోగా 2,85,000 మిగులుతుంది. వడ్డీ కలిపితే 4,75,000. నాలుగు లక్షల పైన ఉన్న 75,000కు అయిదు శాతం చొప్పున 3,750 పన్ను తేలుతుంది, రిబేటు ఆ మొత్తాన్నీ మాఫీ చేస్తుంది. ఆయన 15హెచ్ ఇవ్వవచ్చు, ఎందుకంటే రిబేటు పోగా పన్ను సున్నా అయ్యే వారి నుంచి బ్యాంకులు ఆ పత్రం తీసుకోవచ్చని 2019లోనే స్పష్టం చేశారు. బ్యాంకు ఒక్క రూపాయి కోయదు, ఆయన ఒక్క రూపాయి కట్టనక్కరలేదు. అయినా రిటర్ను వేసి తీరాలి. రిబేటు అనేది లెక్క కట్టిన పన్నులోంచి తీసివేసేది. ఆదాయాన్ని అది తగ్గించదు. ఆదాయం 4,75,000 గానే ఉంది, 4 లక్షలు దాటింది, అంతటితో మూడవ ప్రశ్నకు జవాబు వచ్చేసింది. గడువు దాటిన తరువాత మేలుకుంటే, పన్ను సున్నా అయినా సెక్షన్ 234ఎఫ్ కింద ఆలస్య రుసుము తప్పదు: మొత్తం ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యి, దాటితే అయిదు వేలు. కట్టవలసిన పన్నే లేని మనిషి రుసుము కట్టి రావడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇదే వలకు ఇంకొక ముడి ఉంది. ఎనభై దాటితే 5 లక్షల దాకా రిటర్ను అక్కరలేదని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. ఆ 5 లక్షలు పాత విధానపు హద్దు. 2023–24 నుంచి కొత్త విధానమే సహజంగా వర్తించేది. పాతది కావాలనుకునే వారు ఆ కోరికను గడువులోగా వేసే రిటర్నులోనే తెలపాలి. అంటే పాత విధానం కోరాలన్నా రిటర్ను వేయవలసిందే! కొత్త విధానంలో ముప్ఫై ఏళ్ల వారికీ, ఎనభై రెండేళ్ల వారికీ హద్దు ఒక్కటే. సీనియర్లకు వడ్డీపై 50,000 తగ్గింపు ఇచ్చే 80టీటీబీ కూడా పాత విధానంలోనే ఉంది. పైగా రిటర్ను హద్దు చూసేటప్పుడు చట్టంలోని ఆరవ–ఏ అధ్యాయపు తగ్గింపులను (80టీటీబీ వంటివాటిని) తీసివేయక ముందు ఉన్న మొత్తాన్నే చూడాలి. ప్రామాణిక తగ్గింపు ఆ అధ్యాయానికి చెందదు కనుకనే పై లెక్కలో దాన్ని ముందే తీసేశాను.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటి. యాభై రెండేళ్ల గృహిణికి పుట్టింటి వారు ఇచ్చిన పొలం అమ్మగా వచ్చిన 40 లక్షలు మూడేళ్లుగా ఒకే బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి ఉన్నాయి. వడ్డీ 2,80,000, మరే ఆదాయమూ లేదు. హద్దు దాటలేదు కనుక రిటర్ను అక్కరలేదు. ఏప్రిల్‌లో 15జీ ఇవ్వడం ఆమె మరిచిపోయి ఉంటే మాత్రం బ్యాంకు పది శాతం, అంటే 28,000 కోసేస్తుంది. ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ (అమ్మేవారు కొనేవారి నుంచి వసూలు చేసే పన్ను) కలిపి 25,000కు, సీనియర్లకైతే 50,000కు చేరితే, ఆదాయం హద్దు లోపల ఉన్నా రిటర్ను తప్పనిసరి అని 12ఏబీ నిబంధన చెబుతోంది. ఎలాగూ ఆ డబ్బు వాపసు రావాలన్నా రిటర్నే దారి. అదే 40 లక్షలు భర్త ఆమె పేరిట వేసినవైతే కథ వేరు: ఆ వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఇల్లాలి పేరు పెడితే వడ్డీ మాయమవుతుందని లెక్కవేసే వారు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

డెబ్బై అయిదు నిండిన వారికి సెక్షన్ 194పీ కింద ఒక వెసులుబాటుంది. పెన్షను, వడ్డీ రెండూ ప్రభుత్వం ఇందుకు గుర్తించిన ఒకే బ్యాంకు నుంచి వస్తూ, 12బీబీఏ అనే ప్రకటన పత్రం ఇస్తే, బ్యాంకే లెక్క కట్టి పన్ను ఉంటే మినహాయించుకుంటుంది, రిటర్ను అక్కరలేదు. పోస్టాఫీసులోనో, వేరే బ్యాంకులోనో చిన్న డిపాజిట్ ఉన్నా ఇది వర్తించదు.

డిపాజిట్లను నాలుగు బ్యాంకుల్లోకి చీల్చి కోత తప్పించుకున్నాము అని గర్వంగా రాసిన వారికి ఒక్క మాట. కోత హద్దు బ్యాంకుకు ఒకటి. రిటర్ను హద్దు మనిషికి ఒకటి. ఆ నాలుగు వడ్డీలూ పన్ను శాఖ వారి వార్షిక సమాచార నివేదికలో, అంటే ఏఐఎస్‌లో, మీ పాన్ కిందే వరుసగా కనబడతాయి.

గడువు తీరాక ఒకేసారి చేతికి వచ్చే డిపాజిట్ల విషయంలో నా అలవాటు చెబుతాను. చేతికి రాకపోయినా ఏ ఏడు వడ్డీని ఆ ఏడే లెక్కలో చూపిస్తాను. మూడు నెలలకొకసారి అసలులో కలిసే ఏడు శాతం వడ్డీకి 5 లక్షలు అయిదేళ్లు వేస్తే, సుమారు 2,07,000 వడ్డీ వస్తుంది. ఏటా చూపిస్తే మొదటి ఏడు 36 వేల దగ్గర మొదలై చివరి ఏడుకు 47 వేలు దాటుతుంది. చివర్లో ఒకేసారి చూపితే, మామూలుగా రెండు లక్షల పైచిలుకు ఆదాయం ఉన్న మనిషి ఆ ఒక్క ఏడాది నాలుగు లక్షల హద్దు దాటిపోతాడు. చేతికి వచ్చినప్పుడు చూపే పద్ధతి కూడా చట్టం ఒప్పుకునేదే, కానీ ఒక పద్ధతి పట్టుకుంటే దానిమీదే నిలవాలి. బ్యాంకు ఎలాగూ ఏటేటా కోత లెక్క చూస్తుంది కనుక నాకు మొదటిదే సుఖంగా ఉంటుంది.

ఏఐఎస్ ఒక్కదాన్నే నమ్మి కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఉమ్మడి ఖాతాల వడ్డీ మొదటి పేరు వారి పాన్ కింద పడి, అసలు డబ్బు ఎవరిదో తెలియకుండా పోతుంది. ఏప్రిల్ రెండవ వారంలో ప్రతి బ్యాంకు నుంచి వడ్డీ ధ్రువపత్రం తెచ్చి, సేవింగ్స్ ఖాతా వడ్డీతో సహా ఒకే కాగితం మీద రాసుకున్న తరువాతే ఏఐఎస్ తెరుస్తాను. సేవింగ్స్ వడ్డీపై కోత ఉండదు కాబట్టి దాన్ని మరచిపోవడం సర్వసాధారణం.

అభ్యాసం ఒక్కటే ఇస్తున్నాను, కొంచెం గట్టిది. అరవై ఎనిమిదేళ్ల ఒకామెకు కుటుంబ పెన్షను 2,40,000. ఒక బ్యాంకు డిపాజిట్ల వడ్డీ 78,000, ఇంకొక బ్యాంకులో 64,000. సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో ఉన్న 10 లక్షలపై మూడు నెలలకొకసారి 20,500. సేవింగ్స్ వడ్డీ 9,000. పీపీఎఫ్ వడ్డీ 40,000. కుటుంబ పెన్షనుకు కొత్త విధానంలో తగ్గింపు మూడో వంతు లేక 25,000, ఏది తక్కువైతే అది. పీపీఎఫ్ వడ్డీకి పన్ను లేదు. మూడు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు రాయండి. తరువాత ఆమె ఒక బ్యాంకు డిపాజిట్టును మొత్తంగా రెండవ బ్యాంకుకు మార్చుకుంటే మూడింటిలో ఏ జవాబు మారుతుందో, ఏది మారదో, కారణంతో సహా రాయండి. కాలిక్యులేటరు వాడవచ్చు, ఏఐఎస్ వద్దు.