సూర్యుణ్ణి గోడ మీద కొలుద్దాం

సౌర కుటుంబం బొమ్మ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఓ మూల పసుపు రంగు సూర్యుడు, పక్కనే గోళీలు పేర్చినట్టు ఎనిమిది గ్రహాలు. ఆ బొమ్మతో చదువుకుంటే అంకెలు నోటికొస్తాయి గానీ, ఎవరు ఎంత పెద్ద, ఎవరికి ఎవరు ఎంత దూరం అన్నది మాత్రం తలకెక్కదు. అది తలకెక్కాలంటే ఓ చిన్న అద్దం, నల్ల కాగితం, టేపు, స్కేలు చాలు.

అద్దం మొత్తానికి నల్ల కాగితం అంటించి, మధ్యలో 5 మిల్లీమీటర్ల చిల్లు ఉంచండి. చిల్లు నలుపలకగా కత్తిరించండి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. అద్దాన్ని ఎండ పడే చోట మట్టి ముద్దలో గుచ్చి నిలబెట్టండి. చేత్తో పట్టుకుంటే వెలుగు వణుకుతుంది, కొలత కుదరదు. అక్కణ్ణుంచి వెలుగు సరిగ్గా 10 మీటర్ల దూరంలో, చీకటిగా ఉన్న గోడ మీద పడాలి. గది అంత పొడుగు లేకపోతే అద్దం బయట పెట్టి, తలుపులోంచి వెలుగు లోపలికి కొట్టండి.

ఒక విషయంలో మాత్రం మొహమాటం వద్దు. చూడాల్సింది గోడని. సూర్యుడి వైపు గానీ, అద్దంలోకి గానీ ఎవరూ చూడకూడదు, ఆ వెలుగు ఎవరి కళ్లలోనూ పడకూడదు. పిల్లలుంటే అద్దం దగ్గర ఓ పెద్దవాళ్లు నిలబడాల్సిందే.

ఇప్పుడు అద్దానికి జానెడు దూరంలో ఓ తెల్ల కాగితం పెట్టి చూడండి. వెలుగు నాలుగు మూలలతో, అచ్చం చిల్లులాగే ఉంటుంది. కాగితాన్ని మెల్లగా వెనక్కి జరుపుతూ పోండి. మూలలు మసకబారి, అరిగిపోయి, గోడ దగ్గరికి వచ్చేసరికి చక్కటి గుండ్రం అవుతుంది. అది ఇక చిల్లు ఆకారం కాదు, సూర్యుడిది. పాక్షిక గ్రహణం రోజున చేస్తే ఓ పక్క కొరికేసినట్టు కనిపిస్తుంది కూడా.

కొలిచేటప్పుడు కాస్త చురుగ్గా ఉండాలి. భూమి తిరుగుతోంది కాబట్టి ఆ వెలుగు నిలకడగా ఉండదు, సుమారు రెండు నిమిషాల్లో తన వెడల్పంత పక్కకి జరిగిపోతుంది. గోడకి కాగితం అంటించి, రెండు అంచుల్నీ గబగబా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కోలగా పడితే తక్కువ వెడల్పు ఉన్న వైపే లెక్క. మసక అంచుతో కలిపి 9.8 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అందులోంచి చిల్లు వెడల్పు తీసేస్తే 9.3.

లెక్క చాలా తేలిక. 9.3ని 1000 సెంటీమీటర్లతో, అంటే మన 10 మీటర్లతో భాగించి, సూర్యుడి సగటు దూరం 14.96 కోట్ల కిలోమీటర్లతో గుణిస్తే 13.91 లక్షల కిలోమీటర్లు. అసలు వ్యాసం సుమారు 13.92 లక్షలు! దూరం మాత్రం పుస్తకంలోంచి తీసుకున్నదే, దాన్ని అద్దంతో కొలవలేం.

అసలు మజా ఇక్కడుంది. గోడ మీద ఉన్నది 9.3 సెంటీమీటర్ల సూర్యుడైతే, అదే కొలతలో భూమి ఉండాల్సిన చోటు సరిగ్గా మీ అద్దమే. ఆ భూమి సైజు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, 0.85 మాత్రమే. చెక్కిన పెన్సిల్‌తో ఓ చుక్క పెట్టి, అద్దం పక్కన అంటించండి. చంద్రుడు దానికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటాడు. మనుషులు ఇప్పటిదాకా స్వయంగా వెళ్లింది ఆ రెండున్నర సెంటీమీటర్లే.

గోడ నుంచి బుధుడు 3.9 మీటర్లు, శుక్రుడు 7.2. అద్దం దాటి బయటికి నడిస్తే 15 మీటర్ల దగ్గర అంగారకుడు, భూమిలో సగం చుక్క. ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. 52 మీటర్ల దగ్గర గురుడు, 9 మిల్లీమీటర్ల బిళ్ల. శని దాదాపు 96 మీటర్లు. యురేనస్ 192, నెప్ట్యూన్ 300, రెండూ మూడేసి మిల్లీమీటర్ల పైచిలుకు. ప్లూటోని 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేశారు కాబట్టి మనకి ఇంకో వంద మీటర్ల నడక తప్పింది. సూర్యుడి తర్వాత మనకి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ దగ్గరికి మాత్రం నడవలేరు, ఈ కొలతలోనే అది 2,700 కిలోమీటర్లు.

ఓపికుంటే ఇదే పని జనవరి మొదట్లో ఒకసారి, జూలై మొదట్లో ఒకసారి చేయండి. తేడా పట్టాలంటే 20 మీటర్ల దూరం కావాలి. చిల్లు వెడల్పు తీసేశాక జనవరిలో 18.9 సెంటీమీటర్లు వస్తే, జూలైలో 18.3 వస్తుంది. భూమి సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరిలోనే. వేసవి దూరం వల్ల రాదు, భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండటం వల్ల వస్తుంది. నమ్మనివాళ్ల చేతికి ఆ రెండు కాగితాలూ, ఓ స్కేలూ ఇవ్వండి.