పళ్ళ సందుల్లో పాచి: ఫ్లాస్ చేసే సరైన పద్ధతి

ఫ్లాస్ అనగానే పళ్ళ మధ్య ఇరుక్కున్న ఆహారపు తునకను బయటికి లాగే దారమని చాలామంది అనుకుంటారు. ఆ పనీ అది చేస్తుంది కానీ, దాని అసలు ప్రయోజనం వేరు. కంటికి కనిపించే తునక కన్నా కనిపించని పాచి పంటికి ఎక్కువ కీడు చేస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు పళ్ళ గోడల మీద పేరుకున్న ఆ పాచిని తుడిచివేయడానికే ఫ్లాస్ వాడాలి. ఈ ఒక్క విషయం మనసుకు పడితే దారాన్ని ఎలా పట్టుకోవాలి, ఎటు కదపాలి, ఎంత లోతుకు దించాలి అన్నవన్నీ సులువుగా బోధపడతాయి.

నోటిలో కనిపించే దవడ పన్నుకు ఐదు ముఖాలు ఉంటాయి: చెంప వైపుది, నాలుక వైపుది, నమిలే పైభాగం, ముందున్న పన్నుకు ఆనుకున్న పక్క, వెనకున్న పన్నుకు ఆనుకున్న పక్క. మొదటి మూడింటినీ బ్రష్ చక్కగా శుభ్రం చేస్తుంది. మిగిలిన రెండింటి దాకా, ఎంత ఖరీదైన బ్రష్ అయినా, దాని కుచ్చు సరిగా చేరదు. ఎంత సేపు తోమినా ఆ రెండు పక్కలూ అలాగే మిగిలిపోతాయి కాబట్టే పళ్ళ మధ్య మొదలైన పుచ్చు చాలాకాలం ఎవరి కంటా పడకుండా పెరుగుతుంది. చాలాసార్లు అది ఎక్స్-రేలోనే మొదట బయటపడుతుంది.

పాచి అంటే పంటికి అంటుకుని పెరిగే బాక్టీరియాల జిగట పొర. మనం తిన్న చక్కెరలనూ పిండిపదార్థాలనూ ఆ బాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది; ఆ ఆమ్లం పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్‌లోని ఖనిజాలను కరిగించి పుచ్చుకు దారితీస్తుంది. అదే పాచి చిగురు అంచున నిలిచిపోతే చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకితే చాలు నెత్తురు వస్తుంది. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి పాచి గట్టిపడితే అది గార అవుతుంది. గారను బ్రష్ గానీ దారం గానీ వదిలించలేవు, దంతవైద్యులే తమ పరికరాలతో తీయాలి. పాచి మెత్తగా ఉండగానే తుడిచేయాలని, అందుకు రోజుకు ఒకసారైనా ఫ్లాస్ చేయాలని చెప్పడానికి కారణం ఇదే.

చిగుళ్ళకూ పాచికీ ఉన్న సంబంధాన్ని 1965లో హారల్డ్ లో అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ స్పష్టంగా చూపించారు. ఆరోగ్యవంతులైన 12 మంది చేత పళ్ళు శుభ్రం చేసుకోవడం మాన్పించగా, 10 నుంచి 21 రోజుల లోపు అందరికీ చిగురువాపు వచ్చింది. మళ్ళీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టగానే సుమారు వారం రోజుల్లో తగ్గిపోయింది. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ రెండో భాగం. తొలిదశలో చిగురువాపు పూర్తిగా నయమవుతుంది. నిర్లక్ష్యం చేయగా అది ముదిరి పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలైతే మాత్రం, పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు.

ఫ్లాస్ వల్ల నిజంగా ఉపయోగం ఉందా అన్న సందేహం సహేతుకమైనదే. బ్రష్‌కు ఫ్లాస్ తోడైతే చిగురువాపు కొంత తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నా, ఆ ఆధారాలు అంత బలమైనవి కావు. పుచ్చు విషయంలో 2006లో వెలువడిన ఒక సమీక్ష ఆలోచింపజేస్తుంది. నిపుణులు స్వయంగా పిల్లలకు బడి ఉన్న రోజుల్లో 1.7 సంవత్సరాల పాటు ఫ్లాస్ చేసినప్పుడు పుచ్చే ముప్పు 40 శాతం తగ్గింది. ఎవరికి వారు చేసుకున్నప్పుడు అలాంటి ఫలితం కనిపించలేదు. దీన్నిబట్టి ఫ్లాస్ దండగ అని కాక, చేతి పనితనమే ఫలితాన్ని నిర్ణయిస్తుందని నేను అర్థం చేసుకుంటున్నాను.

ముందుగా చేతులు కడుక్కుని సుమారు 45 సెంటీమీటర్ల దారం తెంపుకోవాలి. అంత పొడవు ఎందుకంటే, ప్రతి సందుకూ శుభ్రమైన భాగం దొరకాలి. లేకపోతే ఒక సందులో తీసిన పాచిని మరో సందులో పూసినట్టు అవుతుంది. దారంలో ఎక్కువ భాగాన్ని ఒక చేతి మధ్యవేలికీ, కొద్ది భాగాన్ని రెండో చేతి మధ్యవేలికీ చుట్టుకోవాలి. చుట్టు మరీ బిగిస్తే వేలికి రక్తం ఆడదు. రెండు చేతుల మధ్య మిగిలిన దారాన్ని బొటనవేళ్ళతోనూ చూపుడువేళ్ళతోనూ పట్టుకుని, నోటిలోకి వెళ్ళే ముక్క రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా బిగువుగా ఉంచాలి. పొడవు పెరిగిన కొద్దీ దారం మీద పట్టు తప్పుతుంది.

రెండు పళ్ళు ఒకదానికొకటి ఆనుకున్న చోటును దాటించడమే అన్నిటికన్నా ఓపిక కావలసిన ఘట్టం. దారాన్ని అటూ ఇటూ చిన్నగా కదుపుతూ నెమ్మదిగా దించాలే గానీ, ఒక్క ఊపున లోపలికి నొక్కకూడదు, అలా చేస్తే అది జారి చిగురును కోస్తుంది. ఆ చోటు దాటగానే అటూ ఇటూ కదపడం ఆపేయాలి. అక్కడి నుంచి దారాన్ని ఒక పంటి వైపుకు లాగి, పంటి గుండ్రటి గోడను హత్తుకునేలా అర్ధచంద్రాకారంలో వంచి, చిగురు అంచు కిందికి ఇక ముందుకు పోదనిపించేదాకా మెల్లగా జార్చాలి. తర్వాత దాన్ని పంటికి అదిమిపట్టి, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి నాలుగైదుసార్లు రుద్దాలి. ఇప్పుడు దారాన్ని బయటికి తీయకుండానే, మధ్యలో ఉన్న చిగురు మొనను గీరకుండా దాని మీదుగా ఎత్తి, అదే సందులోని రెండో పంటి గోడకు అదే విధంగా చేయాలి. ఒక సందుకు రెండు గోడలని మరచిపోవడమే నేను తరచుగా గమనించే పొరపాటు. రంపంతో కోసినట్టు ముందుకూ వెనక్కూ లాగడం రెండోది. దానివల్ల గోడలు శుభ్రపడవు సరికదా చిగురుకు గాయమవుతుంది.

ఒక కొస నుంచి మొదలుపెట్టి వరసగా వెళితే ఏ సందూ తప్పిపోదు. 32 పళ్ళూ ఉన్నవారికి 30 సందులు ఉంటాయి. ఇవి కాక ప్రతి వరసలో చిట్టచివరి పన్ను వెనక వైపును కూడా తుడవాలి. మొదట్లో పది నిమిషాలు పట్టినా, చెయ్యి తిరిగాక రెండు మూడు నిమిషాలు చాలు. బ్రష్‌కు ముందా తర్వాతా అన్నది పెద్ద విషయం కాదు. అయితే ముందు ఫ్లాస్ చేస్తే ఖాళీ అయిన సందుల్లోకి పేస్టులోని ఫ్లోరైడ్ బాగా చేరే వీలుంటుంది కనుక నేను ఆ క్రమాన్నే ఇష్టపడతాను. పడుకునే ముందు చేయడం మేలు, ఎందుకంటే నిద్రలో లాలాజలం తగ్గి పళ్ళకు రక్షణ కూడా తగ్గుతుంది.

పళ్ళు బాగా దగ్గరగా ఉన్నవారికి మైనం పూసిన దారం సులువుగా దిగుతుంది. సందులు వెడల్పుగా ఉన్నవారికి, చిగుళ్ళు కిందికి జారినవారికి దారం కన్నా సందుల కోసమే చేసిన బుల్లి బ్రష్‌లు మేలు. బ్రిడ్జి (పోయిన పంటి చోట పక్క పళ్ళకు ఆనించి అమర్చే కట్టుడు పన్ను) కట్టించుకున్నవారు, పళ్ళకు తీగలు వేయించుకున్నవారు గట్టి కొస ఉన్న ప్రత్యేక ఫ్లాస్‌ను ఆ బ్రిడ్జి లేదా తీగ కింది నుంచి దూర్చి వాడాలి. పిల్లలకు రెండు పళ్ళు ఆనుకోవడం మొదలైనప్పటి నుంచి పెద్దలే చేయాలి, వాళ్ళ వేళ్ళకు నేర్పు వచ్చేదాకా ఆ పని వాళ్ళకు వదలకూడదు.

మొదటి కొన్ని రోజులు నెత్తురు కనిపిస్తే భయపడి మానేయవద్దు. వాచిన చిగురే తేలికగా స్రవిస్తుంది, రోజూ శుభ్రం చేస్తే వారం పది రోజుల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే దంతవైద్యులకు చూపించుకోవాలి. అలాగే ప్రతిరోజూ ఒకే సందులో దారం పీచుపీచుగా చీలిపోతున్నా, ఒకే చోట దుర్వాసన వస్తున్నా అక్కడ పుచ్చు గానీ, అంచు లేచిన ఫిల్లింగ్ గానీ, గార గానీ ఉండవచ్చు. అది ఏ రెండు పళ్ళ మధ్యో గుర్తుపెట్టుకుని, ఆ చోటును వేలితో చూపించి చెబితే వైద్యుల వెతుకులాట తగ్గుతుంది.