గోబర్ గ్యాస్ స్లర్రీతో నాచు తొట్టి వేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

దసరా దాటింది, ఎండ పదును తగ్గింది. మన నల్లగొండ వైపు పొలానికి వేసుకునే సూక్ష్మ నాచు (కంటికి విడివిడిగా కనబడనంత చిన్న నాచు) తొట్టి మొదలుపెట్టడానికి ఇదే అదను.

– స్లర్రీని, అంటే గ్యాస్ తీశాక మిగిలే పేడ నీళ్లను, నేరుగా పోయొద్దు. అందులో అమ్మోనియా ఎక్కువ. ఎండపూట నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత; 7 దాటితే క్షారం) 9 దాటొచ్చు, అప్పుడు ఆ అమ్మోనియానే నాచుకు విషం. నేనొకసారి తొందరపడి బిందెలకు బిందెలు కుమ్మరించాను. రెండో రోజు మధ్యాహ్నానికి పచ్చదనం పాలిపోయింది, తొట్టి మీదికి వంగితే కళ్లు మండాయి. అందుకే ఒక వంతు స్లర్రీకి 20 వంతుల నీళ్లు కలిపి, ముందు బకెట్లో నాలుగు రోజులు పెంచి చూడండి.

– వడకట్టండి, పాత నూలు చీర రెండు మడతలు చాలు. కలిపిన నీళ్లను గాజు గ్లాసులో పోసి వెనక పేపర్ పెడితే అక్షరాలు కనబడాలి. లేదంటే వెలుతురు లోపలికి దిగదు.

– లోతు జానెడు దాటొద్దు. కారణం అదే.

– బ్యాక్టీరియా పోవాలని బ్లీచింగ్ చల్లొద్దు. కుళ్లును అరగదీసి నాచుకు కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవి అవే, బదులుగా నాచు వాటికి ఆక్సిజన్ ఇస్తుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేవీ వాటిలో ఉంటాయి.

– బోరు నీళ్లు పరీక్ష చేయించండి. మన బోర్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందేగా! నీరు ఆవిరైన కొద్దీ అది చిక్కబడుతుంది. వాన నీళ్లు దాచుకున్నవాళ్లు అదృష్టవంతులు.

– ఈ నాచు పొలానికే. పేడలోని క్రిములు మిగిలి ఉండొచ్చు, తినే పొడి చేయొద్దు.