చీమల గూట్లో మైట్లు: వానలు ముదరకముందే చూసుకోవాల్సినవి

పోయిన వారం ఇంట్లో చీమలు పెంచే ఒక కుర్రాడు ఫోటో పంపాడు. "అన్నా, రాణి చీమ మీద ఏవో చుక్కలున్నాయి, టెన్షన్‌గా ఉంది" అన్నాడు. పెద్దది చేసి చూశాను. మెడ దగ్గర, నడుము సన్నబడే చోట, కాళ్ల కీళ్లలో గోధుమరంగు చుక్కలు, ఇసుక నలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని ఉన్నాయి. రాణి ముందుకాలితో తల తుడుచుకుంటూనే ఉందట. నాలుగు రోజులకు పోయింది. ఏడాదిన్నర పెంచిన గూడు అది. గూడుగా వాడే గాజు ట్యూబు లోపలి ఫోటో అడిగి చూస్తే, నీళ్లను ఆపే దూది పక్కన సగం కీచురాయి పడి ఉంది. పొట్ట భాగం బూజు పట్టి, పైన తెల్లని పొడి చల్లినట్టు ఉంది. ఆ పొడంతా మైట్లే, అంటే నలుసంత ఉండే నల్లి జాతి జీవులు.

వానలొస్తే గాల్లో తేమ పెరుగుతుంది. మైట్లు ఒంటి చర్మం గుండానే తేమ పోగొట్టుకుంటాయి కాబట్టి పొడిగా ఉన్నన్నాళ్లు అణిగి ఉంటాయి, తేమ దొరకగానే పుంజుకుంటాయి. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. నీళ్లు పెట్టాలి, చీకట్లో ఉంచాలి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చూసినంతలో గూళ్లు పాడైంది చాలావరకు ఒక్క కారణంతోనే. మేత ముక్క పెద్దది వేయడం.

పెద్ద ముక్క ఏం చేస్తుంది

చీమలు మేతకు వచ్చే బయటి డబ్బాలో మిగిలిన మేతను అందరూ తీస్తారు. కంటికి కనబడుతుంది, పట్టకారుకు అందుతుంది. కానీ చీమలు పురుగు ముక్కను అక్కడే ఉంచవు, లార్వాలు, అంటే చీమ పిల్లలు, ఉన్న గదిలోకి లాక్కుపోతాయి. ఎదిగిన చీమ గట్టి మేత మింగలేదు, రసమే తాగుతుంది. మాంసం ఎక్కువగా కావాల్సింది లార్వాలకు. అవి తిన్నంత తింటాయి, మిగిలింది అక్కడే పడి ఉంటుంది. గూట్లో అన్నిటికంటే తడిగా, వెచ్చగా ఉండే గది అదే. మీ చెయ్యి పోనిదీ అదే. బయటి డబ్బా తళతళలాడుతూ ఉంటుంది, లోపల మాత్రం కుళ్లుతూ ఉంటుంది.

అందుకే పురుగు సైజును కాదు, లార్వాలను చూసి ముక్క కొయ్యండి. పది లార్వాలున్న గూటికి కీచురాయి తొడలోని కండ చాలు. లార్వాలు లేని రోజుల్లో నలుసంత వేస్తే సరిపోతుంది. చురుగ్గా లాక్కుపోతున్నాయి కదా, ఇంకా ఆకలేమో అని జాలిపడి వేసే రెండో ముక్క ఉంటుంది చూడండి, అదే కుళ్లేది. లాక్కుపోయినంత మాత్రాన తిన్నట్టు కాదు. పెద్ద ముక్క వేయకండి.

చుక్క కనబడితే

ముందు అది మైటేనా అని చూడండి. తెల్లగా, పొడుగ్గా ఉండి, కదిలిస్తే ఎగిరిందంటే అది స్ప్రింగ్‌టెయిల్. బూజు తింటుంది, గూటికి మేలే చేస్తుంది, వదిలేయండి. గుండ్రంగా ఉండి మెల్లగా పాకితే మైటు. పంటల్లో నల్లి అంటామే, ఆ జాతిదే.

చాలా రకాల మైట్లకు చీమతో పనిలేదు, చెత్త చాలు. చెత్త ఎండిపోతున్నప్పుడో గుంపు ఎక్కువైనప్పుడో వాటి పిల్లలు వేరే రూపంలోకి మారతాయి. గోధుమరంగు, బల్లపరుపు ఒళ్లు. తినడానికి నోరుండదు, అతుక్కోవడానికి పొట్ట కింద పట్లుంటాయి. చీమను బండిలా ఎక్కి కొత్త చోటు వెతుక్కుంటాయి. ఇవి చీమను తినవు. కానీ పదుల కొద్దీ ఎక్కితే రాణి ఆ బరువుతో, ఒళ్లు తుడుచుకునే అవస్థతో నీరసించిపోతుంది. చీమ ఒంట్లోని రసం పీల్చే రకాలూ ఉన్నాయి. మామూలు కంటికి తేడా అందదు, అందుకే ఏ చుక్కనూ తేలిగ్గా తీసుకోకండి.

చీమ మీద చుక్క కనబడిందంటే లోపల చెత్తలో అవి ఎప్పుడో పెరిగాయన్నమాట. మందు కోసం పరిగెత్తే ముందు ఆ చెత్త ఎక్కడుందో వెతకండి. వెతికితే ఒక పెద్ద ముక్క దొరుకుతుంది.

చెత్త చేతికి అందకపోతే గూడు మార్చాల్సిందే. కొత్త ట్యూబు కలిపి దానికి నల్లకాగితం చుట్టండి, పాతదానికి వెలుతురు తగలనివ్వండి. చీమలు వాటంతట అవే కొత్తదాంట్లోకి పోతాయి. ఒక రోజు పట్టొచ్చు, వారం పట్టొచ్చు. తొందరపడి పాత ట్యూబును తలకిందులు చేసి కొట్టకండి. చీమలతోపాటు ఆ కుళ్లు కూడా కొత్త ఇంట్లో పడుతుంది.

మిగతావి వరసగా చెబుతాను.

మేత పురుగును మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, ఆరాక వేయండి. ఫ్రీజర్‌ను నమ్ముకోకండి, చలికి తట్టుకుని బతికే మైట్లుంటాయి.

రెక్కలు, కాళ్లు తీసేయండి. మైట్లు కీళ్ల సందుల్లోనే దాక్కుంటాయి.

మేత పురుగుల డబ్బా చీమల బల్ల మీద పెట్టకండి. ఆ డబ్బా అంచున సన్నని పిండి పట్టినట్టుంటే వేలితో తుడిచి వెలుతుర్లో చూడండి. పిండి నడుస్తుంటే ఆ డబ్బాలోది ఏదీ వేయకండి.

ఒక గూటి పట్టకారు ఇంకో గూట్లో పెట్టకండి.

కొత్తగా తెచ్చిన గూడు నెల రోజులు వేరే గదిలో.

గూడు మొత్తం ఆరబెట్టకండి, లార్వాలు ఎండిపోతాయి. ఒక కొస తడి, ఒక కొస పొడి ఉంచండి. ఎక్కడ ఉండాలో చీమలే చూసుకుంటాయి.

చీమలు ఒక మూల చెత్తకుప్ప పెట్టుకుంటాయి. మూడు రోజులకోసారి దాన్ని ఎత్తేయండి. కుప్ప గూట్లోనే ఉందంటే బయటి డబ్బా చాలడం లేదని అర్థం.

పంచదార నీళ్లు రెండు రోజులకు మించి ఉంచకండి.

పురుగుల స్ప్రే వద్దు. మైట్ల మందు అసలే వద్దు. చీమను వదిలేసి మైటును మాత్రమే చంపే మందు అని ఎవరు చెప్పినా రాణి మీద ప్రయోగం చేయకండి.

చుక్కలు తీద్దామని రాణి మీద సూది పెట్టకండి. కాలు విరిగితే మళ్లీ రాదు.

నిమ్మచెక్క పెడితే మైట్లు పోతాయంటారు. నిమ్మచెక్క పెట్టి లోపలి ముక్కను అలాగే ఉంచిన గూళ్లు రెండు చూశాను. రెండూ మిగల్లేదు.

మైట్లు పట్టిన పాత గూటిని తోటలో పారేయకండి. మరిగే నీళ్లు పోసి, ఆ తర్వాత చెత్తలో వేయండి.

వారానికి రెండుసార్లు ఎర్ర లైటు వేసి లోపలి గదులు చూడండి, చీమలకు ఎర్రకాంతి సరిగా ఆనదు కాబట్టి అంతగా బెదరవు. లార్వాల కింద, దూది అంచున, గోడ మూలల్లో వెతకండి. మొన్న వేసిన ముక్క ఇంకా అక్కడే ఉంటే ఈ రోజు మేత వేయకండి.