ట్రైలర్ కొనే ముందు ట్రక్కు డోర్ తెరిచి చూడండి

పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రావెల్ ట్రైలర్ (చక్రాల మీది చిన్న ఇల్లు) కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "మా ట్రక్కు ఎన్ని పౌండ్లు లాగుతుంది?" నేను మాత్రం డ్రైవర్ డోర్ తెరవమంటాను. డోర్ ఫ్రేమ్ మీద, టైర్లలో గాలి ఎంత ఉండాలో చెప్పే స్టిక్కర్‌లోనే, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని రాసి ఉంటుంది. అదే మీ పేలోడ్. బ్రోషర్‌లో కనిపించే అంకెను నమ్ముకోకండి. ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్ లాంటివి చేరేకొద్దీ పేలోడ్ తగ్గుతుంది కాబట్టి అదే మోడల్‌లో రెండు ట్రక్కులకు కూడా తేడా ఉంటుంది.

మా ట్రక్కు స్టిక్కర్ మీద 1,550 అని ఉంది. ఇంట్లో నలుగురం కలిపి 520 పౌండ్లు. పిల్లలు ఎదుగుతున్నారు కాబట్టి ఈ అంకెను ఏటా మారుస్తాం. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించి, దాని బరువును యాక్సిల్స్ అన్నిటికీ పంచే కొక్కెం) 90, వెనక బెడ్ కవర్, టూల్స్ కలిపి 120. ఇవన్నీ పోగా మిగిలింది 820. ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, ఈ 820లోనే సరిపోవాలి. అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. నేను 13 వేసుకుంటాను. 820ని 0.13తో భాగిస్తే దాదాపు 6,300 పౌండ్లు. 11,000 లాగుతుందని ప్రకటనలో ఉన్న ట్రక్కుకైనా, ఈ సామానుతో, ఈ మనుషులతో హద్దు ఇదే.

ఈ 6,300ని డ్రై వెయిట్‌తో పోల్చకండి. షోరూమ్‌లో ముందుగా చెప్పేది అదే, కానీ అందులో మీ సామానూ నీళ్లూ ఉండవు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితేనే 330 దాటుతుంది, పైగా ట్యాంకు యాక్సిల్స్‌కు ముందు ఉంటే ఆ బరువులో కొంత హిచ్ మీదే పడుతుంది. ట్రైలర్ స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్, అంటే సామానుతో సహా ట్రైలర్ మించకూడని మొత్తం బరువు, ఎంతో చూసి దానితోనే లెక్క వేయండి. ట్రక్కు బెడ్‌లోనే తగిలించే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ అయితే ట్రక్కు మీద పడేది 20 నుంచి 25 శాతం, కాబట్టి పేలోడ్ ఇంకా త్వరగా అయిపోతుంది.

టంగ్ వెయిట్ ఎక్కువైందని సామానంతా ట్రైలర్ వెనక్కి సర్దే పని మాత్రం దయచేసి చేయకండి. ముందు బరువు చాలకపోతే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపు ట్రక్కును కూడా లాగేస్తుంది. వెనక సస్పెన్షన్‌కు గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయిస్తే ట్రక్కు వెనక భాగం పైకి లేస్తుందంతే, స్టిక్కర్ మీది అంకె పెరగదు.

కొన్నాక ఒకసారి ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ (వాహనాలు తూచే కాటా) మీద తూయించండి. అందరూ ఎక్కి, ట్యాంకు నిండా ఫ్యూయల్ పోయించి, ముందు ట్రక్కు ఒక్కదాన్నీ, తర్వాత ట్రైలర్ తగిలించి బరువు పంచే హిచ్ బార్లు వదులు చేసి తూయించాలి. రెండోసారి ట్రక్కు యాక్సిల్స్ మీద ఎంత పెరిగిందో అదే అసలు టంగ్ వెయిట్. వెనక యాక్సిల్ బరువు డోర్ మీద రాసిన హద్దు దాటిందేమో కూడా ఆ రసీదులోనే తెలిసిపోతుంది.