ప్రాచీన మత గ్రంథాలను లెక్కలతో పోల్చే ముందు జాగ్రత్తలు

నెల్లూరు, ఒంగోలులో పీజీ ప్రాజెక్టులు ఇచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఏ గ్రంథం దేని మీద ఆధారపడిందో గణాంకాలతో తేల్చాలనుకుంటున్న వాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• పోలిక కనబడగానే "ఇది దాన్ని చూసి రాసింది" అనేయకండి. పోలిక లెక్క ఎవరు ముందో చెప్పదు. రెండూ ఇప్పుడు దొరకని మూడోదాని నుంచి తీసుకుని ఉండవచ్చు. మత్తయి, మార్కు, లూకా సువార్తల మీద పండితుల వాదన ఇప్పటికీ ఇదే. ప్రాజెక్టు మొత్తం దెబ్బతినేది ఇక్కడే.

• మీ పద్ధతిని ముందు జవాబు తెలిసిన చోట పరీక్షించండి. అందుకు మన తెలుగు భారతమే ఉంది. విరాటపర్వం నుంచి తిక్కన రాశాడు. అరణ్యపర్వంలో నన్నయ వదిలిన భాగాన్ని తర్వాత ఎర్రన పూర్తి చేశాడు, అదీ నన్నయ ధోరణిలోనే. తిక్కనను గుర్తించడం తేలికే అనుకుంటాను, అసలు పరీక్ష ఎర్రన దగ్గరే. అక్కడ తడబడిన లెక్కను వేదాల మీదకు తీసుకెళ్లకండి.

• సంధులను అన్ని పాఠాల్లో ఒకే తీరుగా విడదీయండి. లేకపోతే ఒకే మాట కంప్యూటర్‌కు రెండు మాటలవుతుంది.

• "ఇట్లనియె" లాంటివి పక్కన పెట్టండి. అవి అందరూ వాడినవే.

• పద్యాన్ని పద్యంతోనే పోల్చండి, ఛందస్సు మాటల ఎంపికను మారుస్తుంది.

• ఎన్ని పోలికలు చూశారో అన్నీ రాయండి. కాకతాళీయంగా వచ్చే అవకాశం 5 శాతం లోపుంటే "సంబంధం ఉంది" అనే హద్దు పెట్టుకుని 100 పోలికలు చూస్తే, ఏ సంబంధం లేకపోయినా సుమారు 5 "ఉంది" అనే వస్తాయి.