మీ టామీకి రాజుగారి కోటు – 3వ భాగం: ముఖం, బొచ్చు, మెడ

పెంపుడు కుక్కకి రాజుగారి కోటు తొడిగినట్టు ఆక్రిలిక్ రంగుల్లో బొమ్మ వేయడం నేర్చుకుంటున్నాం కదా. పోయిన భాగంలో కాన్వాస్‌కి గోధుమరంగు పూత వేసి, చాక్‌పీసుతో కుక్క ఆకారం గీసుకోమన్నాను. గీసే ఉంటారనుకుని ముందుకు పోతున్నా.

ఈ రకం బొమ్మలు చెడేది కోటు దగ్గర కాదు, ముఖం దగ్గర. జరీ అంచు మీద మూడు రోజులు కూర్చుంటారు, ముఖాన్ని అరగంటలో తేల్చేస్తారు, చివరికి ఏ కుక్కో తెలియని కుక్క షేర్వానీ తొడుక్కుని కూర్చుంటుంది. 1612లో గోవా నుంచి జహంగీర్ కొలువుకి ఒక టర్కీ కోడి వస్తే ఆ కొలువు చిత్రకారుడు మన్సూర్ దాన్ని వేశాడు. కిరీటం లేదు, కోటు లేదు, ఉన్నది ఉన్నట్టు ఈకలూ, మెడ మీద ముడతలూ. అయినా చూడగానే దర్బారు బొమ్మే అంటాం. కాబట్టి కోటు ఏ రాజుదైనా పర్లేదు, ముఖం మాత్రం మీ టామీదే కావాలి.

ముందు కళ్ళు సగం మూసి ఫొటో చూడండి. వెంట్రుకలు మాయమై చీకటి, మధ్యరకం, వెలుగు అని మూడు ముక్కలు మిగులుతాయి. ఆ మూడింటినీ వెడల్పు కుంచెతో వేసేయండి, ఒక్క వెంట్రుక కూడా గీయకుండా. కుంచె మాత్రం బొచ్చు మొలిచిన దిక్కుకే పోవాలి: ముక్కు దూలం మీద నుంచి నుదుటికి పైకి, చెంపల మీద వెనక్కి, రొమ్ము మీద కిందికి. ఇది ఫొటోలో తెలియకపోతే మన విజయనగరం మూడు లాంతర్ల సెంటరు వైపు వెళ్ళి ఏ టీకొట్టు ముందో పడుకున్న కుక్కని పది నిమిషాలు చూడండి, ఫీజు ఒక బిస్కెట్. సన్న కుంచెతో వెంట్రుకలు ఆఖర్న, అదీ వెలుగు చీకట్లు కలిసే చోటా, ఆకారం అంచుల్లోనూ మాత్రమే.

నల్ల కుక్కలున్నవాళ్ళు జాగ్రత్త. నా మొదటి ఆర్డరు నల్లదే, నేను ట్యూబులోని నలుపు తిన్నగా పూసేశాను. బొమ్మ చూసి ఆ ఇంటి పెద్దాయన, "ఏటి బాబూ, మావోడు బొగ్గుల బస్తాలోంచి లేచొచ్చినట్టున్నాడు" అన్నారు. డబ్బులిచ్చారు గానీ బొమ్మ గోడకెక్కలేదు. అప్పట్నుంచి నలుపు కావాలంటే బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం) కలుపుకుంటాను. నీడలో అంబర్ ఎక్కువ, వెలుగు తగిలే చోట నీలం ఎక్కువ, దానికి కాస్త తెలుపు. నల్ల బొచ్చు మెరుపు నీలి బూడిదలోనే ఉంటుంది.

కన్నుకి రెండే మాటలు. పైరెప్ప నీడ గుడ్డు మీద పడాలి, లేకపోతే భయపడ్డట్టుంటుంది. మెరుపు చుక్క ఒక్కటే, వెలుగు వచ్చే వైపే. ఫోన్ ఫ్లాష్ వల్ల వచ్చిన ఆకుపచ్చ మెరుపుని దయచేసి వేయకండి.

ఇప్పుడు మెడ, అసలు టెన్షన్ ఇక్కడే. మనిషి మెడ నిటారుగా లేస్తుంది, కుక్క మెడ ముందుకు వస్తుంది. మనిషి భుజాల మీద కుక్క తల తిన్నగా పెడితే కత్తిరించి అతికించినట్టే ఉంటుంది. అందుకే భుజాలు కొంచెం పక్కకి తిప్పి, కాలరు ఎత్తుగా పెట్టండి, లేదా పొందూరు ఖాదీ ఉత్తరీయం ఒక మడత మెడ చుట్టూ తిప్పండి, అతుకు కనపడదు. తర్వాత దవడ నీడ కాలరు మీద పడేట్టు వేసి, నాలుగు వెంట్రుకలు ఆ కాలరు దాటి బయటికి వచ్చేట్టు గీయండి. ఈ నాలుగు వెంట్రుకలతోనే తల, ఒళ్ళు ఒకటవుతాయి.

మే నెలలో వేస్తుంటే ఇంకో గొడవ, మన విజయనగరం ఎండకి ఆక్రిలిక్ ప్లేటులోనే అట్ట కట్టేస్తుంది. పాత టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద రంగులు పెట్టుకోండి. మూత పెడితే మర్నాటికీ పనికొస్తాయి.

ఈ వారం ముఖం, మెడ వరకే. జరీ పని వచ్చే భాగంలో, అప్పటిదాకా బంగారు రంగు ట్యూబు మూత తియ్యకండి.